ట్యాక్స్ లేని రాష్ట్రాల టీములే ఫైనల్స్‌కి వెళ్తుంటే సాలరీ క్యాప్ పెట్టి లాభమేంటి?

మిస్సిసాగా_మంచు:

అందరికీ నమస్తే. ఇక్కడ మాటలన్నీ క్రికెట్ చుట్టూనే తిరుగుతాయని తెలుసు, అయినా కెనడా, అమెరికాల్లో ఉన్నవాళ్లలో ఐస్ హాకీ చూసేవాళ్లు కొందరైనా ఉంటారన్న ఆశతో అడుగుతున్నాను. మేము టొరంటో పక్కన మిస్సిసాగాలో ఉంటాం, ఇంటిల్లిపాదీ టొరంటో టీము మేపుల్ లీఫ్స్ అభిమానులం.

చూడనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం 32 టీములు, 7 కెనడాలో, 25 అమెరికాలో. 2005 నుంచి గట్టి సాలరీ క్యాప్ ఉంది. ఓనర్ దగ్గర ఎంత డబ్బున్నా సరే, ఆటగాళ్ల జీతాలన్నీ కలిపి ఆ గీత దాటకూడదు. 2024-25లో ఆ గీత 88 మిలియన్ డాలర్లు, 2025-26లో 95.5 మిలియన్లు. న్యూయార్క్, టొరంటో లాంటి పెద్ద ఊళ్ల టీములు చిన్న ఊళ్ల టీములను డబ్బుతో తొక్కేయకుండా పెట్టిన రూలు ఇది. అంతవరకు నాకేం అభ్యంతరం లేదు.

కానీ ఆ గీత గీసింది ట్యాక్స్ కట్ కాకముందు జీతం మీద. ఆటగాడు చూసుకునేది మాత్రం చేతికొచ్చే డబ్బు. ఫ్లోరిడా, టెక్సస్, టెనెసీ, నెవాడాల్లో జీతం మీద రాష్ట్రం ట్యాక్స్ లేదు, ఈ ఫైనల్స్ జరిగిన ఏళ్లలో వాషింగ్టన్ రాష్ట్రంలోనూ లేదు. అంటే ఫ్లోరిడా పాంథర్స్, టాంపా బే లైట్నింగ్, డాలస్ స్టార్స్, నాష్‌విల్ ప్రెడేటర్స్, వేగస్ గోల్డెన్ నైట్స్, సియాటిల్ క్రాకెన్, మొత్తం ఆరు టీములు. మా ఆంటారియోలో ఫెడరల్, ప్రావిన్స్ కలిపి పై స్లాబు 53.53 శాతం. క్యూబెక్, బ్రిటిష్ కొలంబియాల్లో కూడా దాదాపు అంతే.

ఇప్పుడు ఫైనల్స్ చూడండి. 2020లో టాంపా డాలస్‌ను ఓడించింది, రెండూ ఆ ఆరింటిలోవే. 2021లో మళ్లీ టాంపా, ఓడింది మాంట్రియల్. 2022లో కొలరాడో గెలిచింది కానీ ఎదురుగా ఉన్నది టాంపానే. 2023లో వేగస్, ఫ్లోరిడా ఆడాయి, వేగస్ గెలిచింది. 2024, 2025 రెండుసార్లూ ఫ్లోరిడా, ఓడింది రెండుసార్లూ ఎడ్మంటన్. ఆరు కప్పుల్లో ఐదు వాళ్లవే, ఫైనల్‌కి వచ్చిన 12 టీముల్లో 8 వాళ్లవే. 32 టీముల్లో 6 ఉన్న గుంపుకి ఇంత వాటా మామూలుగా వస్తుందా? కెనడా టీము ఆఖరిసారి కప్పు ఎత్తింది 1993లో, మాంట్రియల్.

దీనికి తోడు 2025 వేసవిలో మిచ్ మార్నర్ వెళ్లిపోయాడు. మా పక్క ఊరు మార్కమ్‌లో పుట్టి, 2015 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను టీములు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మా టీముకే వచ్చి, తొమ్మిది సీజన్లు ఇక్కడే ఆడినవాడు. వేగస్‌తో ఏడాదికి 12 మిలియన్ల చొప్పున 8 ఏళ్ల కాంట్రాక్ట్. పై స్లాబుల రేట్లు పెట్టి మోటుగా లెక్కేశాను. అక్కడ ఫెడరల్ ట్యాక్స్ 37 శాతం, మెడికేర్ 2.35 శాతం పోతే ఏడుంపావు మిలియన్ల దాకా చేతికొస్తుంది. టొరంటోలో అంత చేతికి రావాలంటే టీము 15 మిలియన్ల పైన ఇవ్వాలి, అదంతా క్యాప్‌లోనే పడుతుంది. ఆ మూడు మిలియన్లతో వేగస్ ఇంకో మంచి డిఫెన్స్‌మన్‌ను పెట్టుకుంటుంది, మేము మూడో లైన్‌లో కుర్రాళ్లతో నెట్టుకొస్తాం.

నా లెక్కలో తప్పుందా? లేదంటే దీన్ని సరిచేసే దారి ఏమైనా ఉందా? ట్యాక్స్ పని చేసేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ఫ్రిస్కో_బాబాయి:

నేను కాలిఫోర్నియా నుంచి టెక్సస్ వచ్చి స్థిరపడ్డవాణ్ని. స్టార్స్ ప్రాక్టీస్ చేసే రింక్ మా ఫ్రిస్కోలోనే ఉంది, కాబట్టి నా మాట కొంచెం ఇటు మొగ్గుతుంది, అది చూసుకొని చదవండి.

ట్యాక్స్ తేడా లేదని నేను అనను. మా కాలనీలో బే ఏరియా నుంచి, న్యూజెర్సీ నుంచి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వచ్చిన కారణాల్లో స్టేట్ ట్యాక్స్ లేకపోవడం ఒకటని ఎవరిని అడిగినా చెప్తారు. వచ్చాక ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు చూసి సగం ఆనందం పోతుంది, అది వేరే సంగతి. మాకు ఇల్లు పెద్ద ఖర్చు కాబట్టి ఆ బిల్లు గట్టిగా తగులుతుంది. 12 మిలియన్లు సంపాదించేవాడికి తగలదు. కాబట్టి ఆటగాడికి లాభం మాకంటే ఎక్కువే.

కానీ మీరు 2020 దగ్గర మొదలుపెట్టారు. కొంచెం వెనక్కి వెళ్లండి. ఫ్లోరిడాలో అప్పుడూ ట్యాక్స్ లేదు, పాంథర్స్ మాత్రం 2001 నుంచి 2011 వరకు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి రాలేదు. అదే రోజుల్లో చికాగో 2010, 2013, 2015లో, కాలిఫోర్నియాలో ఉన్న లాస్ ఏంజెలెస్ కింగ్స్ 2012, 2014లో కప్పులు కొట్టాయి. అమెరికాలో కాలిఫోర్నియా కంటే ఎక్కువ ఇన్‌కమ్ ట్యాక్స్ రేటు ఏ రాష్ట్రంలో ఉంది? లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ కూడా 2025లో ఇదే అన్నాడు, ఫ్లోరిడా టీములు ఓడిపోతున్నన్ని రోజులు ఈ గొడవ ఎవరూ ఎత్తలేదని. ఆయన మాట తీరు నాకు నచ్చలేదు, అభిమానుల బాధను కొట్టిపారేసినట్టు మాట్లాడాడు, అయినా అందులో పాయింట్ ఉంది.

నాష్‌విల్ సంగతి ఇంకా స్పష్టం. 2024 జూలైలో ఒకే రోజు స్టాంకోస్, మార్షెసో, షే ముగ్గురినీ తెచ్చుకున్నారు, ఆ సీజన్‌లో ప్లేఆఫ్స్‌కే రాలేదు. సియాటిల్ 2021లో మొదలయ్యాక 2025 దాకా ఒక్కసారే వచ్చింది. ట్యాక్స్ ఒక్కటే గెలిపిస్తే ఆరు టీములూ గెలవాలి కదా.

పాంథర్స్ టీము ఎలా కట్టారో చూడండి. బార్కోవ్, ఎక్‌బ్లాడ్ సొంత డ్రాఫ్ట్. రైన్‌హార్ట్ బఫలో నుంచి, బెనెట్, కచక్ కాల్గరీ నుంచి ట్రేడ్‌లో వచ్చారు. ఫోర్స్‌లింగ్ అయితే వేరే టీము వేవర్స్‌లో, అంటే కావాలంటే ఎవరైనా తీసుకోండని, వదిలేసిన మనిషి, 2021లో ఉచితంగా తెచ్చుకున్నారు, ఇప్పుడు లీగ్‌లో మంచి డిఫెన్స్‌మన్లలో ఒకడు. అది జనరల్ మేనేజర్ బిల్ జీటో కన్ను. ఆ కంటికి ట్యాక్స్‌తో సంబంధం లేదు.

ఇంకోటి. టాంపా 2021లో గెలిచింది ట్యాక్స్ వల్ల కంటే గాయాల రూలు వల్ల ఎక్కువ. కుచెరోవ్ రెగ్యులర్ సీజన్ మొత్తం గాయం లిస్టులో ఉన్నాడు, ఆ జీతం మేర టీముకు క్యాప్ సడలింపు దొరికింది, ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌కి తిరిగొచ్చాడు. అప్పట్లో ప్లేఆఫ్స్‌లో క్యాప్ లెక్కే లేదు. అందుకే కప్పు గెలిచిన ఆ టీము జీతాలు క్యాప్ కంటే దాదాపు 18 మిలియన్లు ఎక్కువ. ఆ కంత ఇప్పుడు పూడ్చారు, 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌కి కూడా క్యాప్ పెట్టారు. నన్నడిగితే అన్యాయం అంటే అది.

జెర్సీ_లెక్కలు:

నా పనే ట్యాక్స్ రిటర్నులు. ఎక్కువగా మన ఐటీ వాళ్లవే, ఆటగాళ్లవి కావు. కానీ పలు రాష్ట్రాల్లో పనిచేసేవాళ్ల లెక్కలు రోజూ చేస్తాను, సూత్రం ఒకటే. మంచు గారి లెక్క దిశ సరైనదే, మొత్తం మాత్రం ఎక్కువ పడింది. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆటగాడు ఎక్కడ ఉంటాడో ఒక్కటే కాదు, ఎక్కడెక్కడ ఆడాడో కూడా లెక్కలోకి వస్తుంది. దీన్నే జాక్ ట్యాక్స్ అంటారు. 1991లో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో చికాగో బుల్స్ లాస్ ఏంజెలెస్ వెళ్లి లేకర్స్‌ను ఓడించాక, కాలిఫోర్నియా వాళ్లు బుల్స్ ఆటగాళ్లకు అక్కడ గడిపిన రోజులకు ట్యాక్స్ వేశారు. దానికి బదులుగా ఇల్లినాయ్ కూడా, మా ఆటగాళ్ల మీద వేసే రాష్ట్రాల ఆటగాళ్ల మీద మేమూ వేస్తామని చట్టం చేసింది. దాంతో ఒక్కో రాష్ట్రం అదే దారి పట్టింది.

లెక్క డ్యూటీ డేస్ మీద జరుగుతుంది. ట్రైనింగ్ క్యాంప్ నుంచి సీజన్ ముగిసేదాకా మ్యాచ్, ప్రాక్టీస్, ప్రయాణం అన్నీ కలిపి సుమారు 200 రోజులు అనుకుందాం. ఫ్లోరిడాలో ఉండే ఆటగాడి జీతం 10 మిలియన్లు అనుకుంటే రోజుకు 50 వేల డాలర్లు. అతను కాలిఫోర్నియా టూర్‌కి వచ్చి ఆరు రోజులు ఉంటే 3 లక్షల ఆదాయం కాలిఫోర్నియాది అవుతుంది, దాని మీద 40 వేలకు కాస్త తక్కువ కట్టాలి. అలాగే న్యూయార్క్‌కి, న్యూజెర్సీకి, మసాచుసెట్స్‌కి, మినెసోటాకి. ఒకే ఆటగాడి రిటర్నులు పది, పన్నెండు రాష్ట్రాల్లో వేయాల్సి వస్తుంది. వేగస్ అయితే కాలిఫోర్నియా టీములు మూడూ ఉన్న డివిజన్‌లోనే ఉంది, కాబట్టి మార్నర్ అక్కడికి తరచూ వెళ్తాడు, ప్రతిసారీ అక్కడ కొంత వదులుకుంటాడు.

అయితే అసలు కిటుకు దీని తర్వాత ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. బయటి రాష్ట్రాల్లో అందరూ కడతారు. తేడా అంతా సొంత రాష్ట్రం రోజుల దగ్గర. ఫ్లోరిడా ఆటగాడికి ఇంటి దగ్గర మ్యాచ్‌లు, ప్రాక్టీస్ రోజులు, టెక్సస్, నెవాడా వెళ్లిన రోజులు అన్నీ స్టేట్ ట్యాక్స్ లేని రోజులే. కాలిఫోర్నియాలో స్థిరంగా ఉండే ఆటగాడు అలా కాదు. ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా కాలిఫోర్నియా అడుగుతుంది, వేరే రాష్ట్రానికి కట్టింది క్రెడిట్ ఇస్తుంది, అంతే. అతను ఫ్లోరిడా వెళ్లి ఆడిన రోజుకు కూడా కాలిఫోర్నియాకి కడతాడు. అందుకే కొందరు ఆటగాళ్లు ఇల్లు ఫ్లోరిడాలోనో టెక్సస్‌లోనో పెట్టుకొని, సీజన్‌లో మాత్రమే టీము ఊళ్లో ఉంటారు. ఆ ఏర్పాటు కూడా ఊరికే కుదరదు. ఎన్ని రోజులు ఎక్కడున్నారు, కుటుంబం ఎక్కడ, డ్రైవింగ్ లైసెన్స్ ఎక్కడిది, అన్నీ తవ్వుతారు. న్యూయార్క్ ఆడిటర్లు సెల్‌ఫోన్ రికార్డులు కూడా అడుగుతారు.

ఇక కెనడా సంగతి. అక్కడ టీములు చేతులు కట్టుకొని కూర్చోలేదు. అమెరికాలో నివాసం ఉన్న ఆటగాడు కెనడా టీముతో సంతకం చేసినందుకు తీసుకునే సైనింగ్ బోనస్ మీద రెండు దేశాల ఒప్పందం ప్రకారం కెనడా 15 శాతానికి మించి తీసుకోకూడదు. మీ జాన్ టవారెస్ 2018లో టొరంటోతో చేసుకున్న 77 మిలియన్ల కాంట్రాక్ట్‌లో 70 మిలియన్లకు పైగా సైనింగ్ బోనసే. కెనడా రెవెన్యూ ఏజెన్సీ అది బోనస్ కాదు, జీతమే అంటూ నోటీసు ఇచ్చింది, వడ్డీతో కలిపి 8 మిలియన్ల దాకా అడిగింది, విషయం ట్యాక్స్ కోర్టుకు వెళ్లింది. ఆ దారి మూసుకుపోతే టొరంటో, మాంట్రియల్ టీములకు గట్టి దెబ్బ. నాకు తెలిసి ఈ మొత్తం చర్చలో అందరికంటే కెనడా అభిమానులు జాగ్రత్తగా గమనించాల్సింది ఆ కేసునే, మార్నర్ కాంట్రాక్ట్ కాదు.

కాబట్టి మీరు చెప్పిన మూడు మిలియన్ల తేడా జాక్ ట్యాక్స్, బోనస్ లెక్కలు కలిపితే బాగా తగ్గుతుంది. పోదు, తగ్గుతుంది.

గుంటూరు_గూగ్లీ:

హాకీ తెలియదు కానీ దారం మొత్తం చదివాను, చాలా బాగుంది. మన ఐపీఎల్‌కి ఈ సమస్య లేదు కదా? మన దగ్గర ఇన్‌కమ్ ట్యాక్స్ అంతా కేంద్రానిదే. రాష్ట్రం జీతం మీద వేసేది వృత్తి పన్ను ఒక్కటే, దానికి కూడా రాజ్యాంగంలో 276వ అధికరణం ఏడాదికి 2,500 రూపాయల పరిమితి పెట్టింది. ఏపీలో, తెలంగాణలో జీతం చీటీల్లో నెలకు 200 కట్ అయ్యేది అదే. ఢిల్లీలో అది కూడా లేదు. మెగా వేలంలో పంత్‌ను లక్నో 27 కోట్లకు కొన్నా, ఇంకో టీము కొన్నా అతని చేతికొచ్చేది ఒకటే. విదేశీ ఆటగాళ్లకు వేరే సెక్షన్ కింద 20 శాతం, ఆపైన సర్‌ఛార్జి, సెస్సు, అది కూడా పది టీములకూ ఒకటే.

2025 వేలంలో అందరికీ 120 కోట్ల పర్సు అన్నప్పుడు ఆ 120 నిజంగా 120యే. అక్కడ 95.5 అనేది ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుందన్నమాట. నాకైతే మంచు గారి బాధ న్యాయంగానే అనిపిస్తోంది.

ఒక డౌట్. రాష్ట్రాలు అలా ట్యాక్స్ లేకుండా చేసుకోగలిగితే, ఆ రాష్ట్రం దాన్ని కావాలని టీము కోసం వాడుకోవడం ఎక్కడైనా జరిగిందా?

నీస్_తీరం:

గూగ్లీ గారూ, టీము కోసమే అని చెప్పలేం కానీ ఇక్కడ ఫ్రాన్స్‌లో పెద్ద గొడవే జరిగింది. నేను ఉండే నీస్ నుంచి మొనాకో రైల్లో అరగంట కూడా పట్టదు. అది వేరే దేశం, కానీ ఏఎస్ మొనాకో ఫుట్‌బాల్ క్లబ్ ఫ్రెంచ్ లీగ్‌లోనే ఆడుతుంది. మొనాకోలో నివాసం ఉండేవాళ్లకు ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. ఫ్రెంచ్ పౌరులకు మాత్రం 1963 ఒప్పందం వల్ల ఆ సదుపాయం లేదు. అంటే ఒకే టీములో కొలంబియా ఆటగాడికి ట్యాక్స్ లేదు, పక్కన కూర్చున్న ఫ్రెంచ్ ఆటగాడికి ఉంది.

2013లో మొనాకో రెండో డివిజన్ నుంచి పైకి రాగానే రష్యా ఓనర్ రిబోలోవ్లెవ్ ఫాల్కావో, హామెస్ రోడ్రిగెస్, మౌటిన్యోలను కొన్నాడు. సరిగ్గా అదే సమయంలో ఫ్రాన్స్ ప్రభుత్వం 10 లక్షల యూరోలు దాటిన జీతాల మీద 75 శాతం ట్యాక్స్ తెచ్చింది, కట్టాల్సింది క్లబ్బులు. మిగతా క్లబ్బులు మండిపడ్డాయి, సమ్మె చేస్తామని కూడా బెదిరించాయి. లీగ్ మొనాకోని ఆఫీసు ఫ్రాన్స్‌కి మార్చుకోమంది, లేదంటే ఆడనివ్వమంది. చివరికి 2014 జనవరిలో 50 మిలియన్ యూరోలు కడతామని మొనాకో రాజీకి వచ్చింది, ఏడాదిన్నర తర్వాత ఆ రాజీని ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం కొట్టేసింది.

ఇంత జరిగాక మొనాకో ఎన్నిసార్లు లీగ్ గెలిచింది? 2025 దాకా ఒక్కసారి, 2017లో. మిగతావి ఎక్కువగా పారిస్ క్లబ్ పీఎస్‌జీవే. ఎందుకంటే ఇక్కడ అమెరికాలో లాంటి క్యాప్ లేదు. పీఎస్‌జీ ఓనర్లకు డబ్బు ఉంది, ట్యాక్స్ ఎక్కువైతే ఆ ఎక్కువ కూడా వాళ్లే పెట్టుకుంటారు. స్పెయిన్ కూడా 2005లో విదేశీయులకు 24 శాతం ఫ్లాట్ రేటు ఇచ్చింది, బెకమ్ పేరుతోనే ఆ చట్టాన్ని పిలిచేవాళ్లు, 2010లో పెద్ద జీతాలకు ఆపేశారు, 2015లో ఆటగాళ్లను మొత్తంగా తీసేశారు. ఇంగ్లండ్ క్లబ్బులు ఆ రోజుల్లో ట్యాక్స్ గురించి గట్టిగానే ఫిర్యాదు చేశాయి, కానీ టీవీ డబ్బుతో నెట్టుకొచ్చాయి.

మిస్సిసాగా_మంచు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత లోతుగా చెప్తారనుకోలేదు. నీస్ గారు చివర్లో చెప్పినదానితో నాకు అసలు ముడి ఎక్కడుందో అర్థమైంది. క్యాప్ లేని చోట ట్యాక్స్ తేడా ఓనర్ జేబులోంచి పోతుంది. క్యాప్ ఉన్న చోట అదే తేడా టీములోంచి పోతుంది, అంటే ఆటగాళ్లను వదులుకోవాలి. ఇలాంటి గట్టి క్యాప్ లేని బేస్‌బాల్‌లో డాడ్జర్స్ కాలిఫోర్నియాలో ఉండి కూడా ఒహ్‌తానీకి 700 మిలియన్లు ఇవ్వగలిగారు, అందులో 680 మిలియన్లు 2034 నుంచి 2043 దాకా ఇచ్చేలా రాసుకున్నారు. అప్పటికి అతను కాలిఫోర్నియాలో లేకపోతే ఆ రాష్ట్రానికి అందులో ఏమీ రాకపోవచ్చు. మా లీఫ్స్ ఓనర్ల దగ్గర డబ్బు లేక కాదు, ఇవ్వడానికి దారి లేక ఆగిపోతున్నారు. అభిమానిగా నన్ను కలచివేసేది ఇదే.

బాబాయి గారూ, మీ వాదన నేను ఒప్పుకుంటాను, ఒక్క మెలికతో. ట్యాక్స్ వల్ల చెత్త టీము మంచిదవదు, నిజమే. కానీ మంచి టీము విడిపోకుండా ఉండడానికి అది పనికొస్తుంది. 2025 వేసవిలో పాంథర్స్ ఏం చేశారో చూడండి. బెనెట్ 8 మిలియన్లు, మార్షాండ్ 5.25, ఎక్‌బ్లాడ్ 6.1. ఎక్‌బ్లాడ్ పాత కాంట్రాక్ట్ 7.5 మిలియన్లు, క్యాప్ అంత పెరిగిన ఏడాది అతను తగ్గించుకొని సంతకం చేశాడు. అంతకుముందు ఏడాది 57 గోల్స్ కొట్టిన రైన్‌హార్ట్ 8.625కే ఉండిపోయాడు. కప్పు గెలిచిన టీములో ఉండాలన్న కోరిక, సముద్రం, ఎండ, రోడ్డు మీద ఎవరూ గుర్తుపట్టకపోవడం, ఇవన్నీ ఉంటాయి. కానీ తగ్గించుకున్నా చేతికి బాగానే వస్తుందన్న ధీమా లేకపోతే ముగ్గురూ ఒకేసారి తగ్గించుకుంటారా? జీటో కన్ను వాళ్లను తెచ్చింది, వాళ్లను నిలబెట్టిన దాంట్లో ట్యాక్స్ వాటా ఉంది.

అటువైపు ఉదాహరణలు కూడా చెప్పాలి, లేకపోతే నేను ఏకపక్షంగా మాట్లాడినట్టు అవుతుంది. మెక్‌డేవిడ్ 2025 అక్టోబర్‌లో పాత 12.5 మిలియన్లకే ఎడ్మంటన్‌లో ఇంకో రెండేళ్లు ఉండడానికి ఒప్పుకున్నాడు. కప్రిజోవ్ మినెసోటాలో ఏడాదికి 17 మిలియన్లతో సంతకం చేశాడు, అక్కడ పై రేటు 9.85 శాతం. మా ఊళ్లోనే పుట్టిన టవారెస్ 4.38 మిలియన్లకు టొరంటోలోనే ఉండిపోయాడు. సొంత ఊరు, పాత జట్టు అనే మమకారం ట్యాక్స్‌ని ఓడించగలదు. అందుకే నా ప్రతిపాదన కూడా అక్కడి నుంచే వస్తోంది.

క్యాప్‌ని ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా మార్చమని అడగను, జెర్సీ గారి లెక్క చూశాక అది కుదరదని తెలుస్తోంది. ఎన్‌బీఏలో లాగా సొంత ఆటగాణ్ని నిలబెట్టుకోవడానికి క్యాప్ దాటే వీలు ఇవ్వొచ్చు కదా? తాము డ్రాఫ్ట్ చేసి, ఏడేళ్లో ఎనిమిదేళ్లో పెంచిన ఆటగాడి జీతంలో కొంత భాగం క్యాప్‌లోకి రాకుండా చూడండి. ఇది డాలస్‌కీ ఉంటుంది, టొరంటోకీ ఉంటుంది, ఎవరి మీదా పక్షపాతం లేదు. ఇష్టం ఉండి కూడా లెక్క కుదరక వెళ్లిపోయే ఆటగాళ్లు అప్పుడైనా ఆగుతారు.

జెర్సీ_లెక్కలు:

మంచి ఆలోచన, కానీ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. ఎన్‌హెచ్‌ఎల్‌లో హాకీ ఆదాయం ఓనర్లకు సగం, ఆటగాళ్లకు సగం అని ఒప్పందం. జీతాలన్నీ కలిపి ఆ సగం దాటితే, ఎస్క్రో కింద ముందే పట్టి ఉంచిన డబ్బులోంచి ఓనర్లకు వెనక్కి పోతుంది, ఆ కోత ఆటగాళ్లందరికీ ఒకే శాతం. అంటే టొరంటో తన స్టార్‌కి క్యాప్ బయట ఇంకో 3 మిలియన్లు ఇస్తే, ఆ భారంలో కొంత నాష్‌విల్‌లో కనీస జీతానికి ఆడే నాలుగో లైన్ ఆటగాడి మీద కూడా పడుతుంది. ట్యాక్స్ బట్టి క్యాప్ పెంచమన్నా ఇదే చిక్కు వస్తుంది. ఆటగాళ్ల సంఘం దీనికి ఎందుకు ఒప్పుకుంటుంది? సంఘంలో స్టార్లు తక్కువ, మామూలు ఆటగాళ్లు ఎక్కువ.

కుదిరే దారి ఒకటుంది. సొంత ఆటగాళ్లకు ఇచ్చే ఆ మినహాయింపుకి చిన్న పరిమితి పెట్టి, టీముకి ఒక్కరికే ఇచ్చి, ఆ అదనపు డబ్బుని ఆటగాళ్ల సగంలో కలపకుండా ఓనర్ విడిగా భరించేలా చేయాలి. అప్పుడు కోత ఎవరి మీదా పడదు. పెద్ద ఊళ్ల ఓనర్లు సంతోషంగా ఒప్పుకుంటారు. విన్నిపెగ్, ఒట్టావా ఓనర్లు ఒప్పుకోరు. వాళ్లకి టికెట్ల డబ్బు కెనడా డాలర్లలో వస్తుంది, జీతాలు అమెరికా డాలర్లలో ఇవ్వాలి, ఇప్పటికే ఊపిరి ఆడదు. కెనడా టీములన్నీ ఒకే మాట మీద ఉంటాయనుకోవద్దు.

ఫ్రిస్కో_బాబాయి:

మంచు గారూ, నిలబెట్టుకోవడం గురించి మీరన్నది సబబే, దానికి నా దగ్గర జవాబు లేదు. మా రాంటనెన్ కూడా అంతే. 2025 మార్చిలో కరొలైనా నుంచి వచ్చిన రోజే 12 మిలియన్లకు 8 ఏళ్లు సంతకం చేశాడు. కరొలైనాతో మాత్రం అంతకుముందు నెలన్నరలో ఒప్పందం కుదరలేదు. నార్త్ కరొలైనా రేటు కూడా తక్కువే, కాబట్టి అది పూర్తిగా ట్యాక్స్ అనను, కానీ పనికొచ్చిందనే అనుకుంటున్నాను. సొంత ఆటగాళ్ల మినహాయింపు వస్తే ఒక స్టార్స్ అభిమానిగా నాకు నష్టమే, అయినా నేను దానికే ఓటేస్తాను.

ఒకటి మాత్రం గమనించండి. క్యాప్ 2026-27కి 104 మిలియన్లు, 2027-28కి 113.5 అని లీగ్, ఆటగాళ్ల సంఘం 2025 జనవరిలోనే ప్రకటించాయి. శాతాల్లో ట్యాక్స్ తేడా మారదు, కానీ జీతాలు పెరిగే కొద్దీ డాలర్లలో ఆ తేడా పెద్దదవుతుంది. ఈ రూలు మార్చాలంటే ఆ పెరుగుదల మధ్యలోనే అడగాలి, అందరి చేతిలో కొంచెం వెసులుబాటు ఉన్నప్పుడే. మీ టొరంటో వాళ్లు పట్టుబడితే లీగ్‌లో వినేవాళ్లుంటారు, మీ టికెట్ల డబ్బు మీద సగం లీగ్ నడుస్తోంది కాబట్టి.